ముఖానికి ఆకుపచ్చ ఎప్పుడు వేయాలి? రంగుల్లో భావం పలికించే పెయింటింగ్‌కు సమగ్ర మార్గదర్శి

"రంగులు బాగా గట్టిగా వేశానన్నా, అయినా బొమ్మలో ఫీలింగ్ రావట్లేదు." తిరుపతిలో నా దగ్గర బొమ్మలు నేర్చుకునేవాళ్లు ఎక్కువగా చెప్పే మాట ఇది. ఫొటో పంపమంటాను. చూస్తే ఎరుపు, పచ్చ, నీలం, పసుపు అన్నీ ట్యూబులోంచి నేరుగా దిగినవే, అన్నీ ఒకే జోరు మీద ఉంటాయి. జాతరలో నాలుగు మైకులు ఒకేసారి మోగితే ఏ పాటా వినపడదు కదా, అదే పరిస్థితి.

ఎక్స్‌ప్రెషనిస్ట్ పద్ధతిలో కంటికి కనబడింది కనబడినట్టు వేయం. దాన్ని చూసినప్పుడు లోపల కలిగినదాన్ని రంగుతో, గీతతో, ఆకారాన్ని సాగదీసి చెబుతాం. రంగు పెంచడం అందులో సగం పనే. ఏ రంగు పెరగాలో ముందే తేల్చుకుని, దాని కోసం మిగతావాటిని తగ్గించడం రెండో సగం. అడిగేవాళ్లందరికీ తడబాటు అక్కడే, కాబట్టి ఇక్కడ కూడా దాని మీదే ఎక్కువసేపు ఉంటాను.

12×16 అంగుళాల క్యాన్వాస్ బోర్డు మీద, అక్రిలిక్ రంగులతో, ఒక మనిషి బొమ్మ వేద్దాం. ఇదే వరుస ప్రకృతి దృశ్యానికీ, ఇంట్లో ఒక మూలకీ కూడా పనికొస్తుంది.

1. సామాను: తక్కువ ట్యూబులు, పెద్ద బ్రష్‌లు

ఇరవై నాలుగు రంగుల సెట్ కొనకండి. అన్ని రంగులు ఎదురుగా ఉంటే ప్రతిదానికీ ఒక చోటు ఇవ్వాలనిపిస్తుంది, బొమ్మ అక్కడే చెదిరిపోతుంది. మన శ్రీకాళహస్తి కలంకారీ చూడండి. ఎరుపు, నలుపు, పసుపు, నీలం లాంటి కొద్ది రంగులతోనే గుడ్డంతా నిండుతుంది, ఏదో తక్కువైందని ఎవరికీ అనిపించదు.

కావలసినవి:

- లెమన్ ఎల్లో, ఎల్లో ఓకర్
- వెర్మిలియన్ లేదా స్కార్లెట్: నారింజ వైపు మొగ్గే ఎరుపు
- క్రిమ్సన్: ఊదా వైపు మొగ్గే ఎరుపు
- అల్ట్రామెరైన్ బ్లూ
- విరిడియన్ లేదా థాలో గ్రీన్
- బర్న్ట్ అంబర్: ముదురు గోధుమ రంగు
- టైటానియం వైట్, ఇది మాత్రం పెద్ద ట్యూబు
- 12, 8 నంబర్ల ఫ్లాట్ బ్రష్‌లు, గరుకు వెంట్రుకలవి. 4 నంబర్ రౌండ్ బ్రష్ ఒకటి
- పాలెట్ నైఫ్ (రంగు కలపడానికి, పూయడానికి వాడే మొద్దు కత్తి), పాత బనియన్ గుడ్డలు, నీళ్ల స్ప్రే సీసా, రెండు డబ్బాల్లో నీళ్లు

నలుపు ట్యూబు కావాలనే రాయలేదు. అల్ట్రామెరైన్, బర్న్ట్ అంబర్ సమానంగా కలిపితే నలుపుకు చాలా దగ్గరగా వస్తుంది. నీలం ఎక్కువైతే చల్లని చీకటి, అంబర్ ఎక్కువైతే వెచ్చని చీకటి. ట్యూబు నలుపులో ఈ తేడా దొరకదు.

థాలో గ్రీన్ దొరికితే జాగ్రత్త. మిరియం గింజంత వేసినా పక్కనున్న రంగును మింగేస్తుంది. అందుకే రెండో రంగు ముందు పాలెట్ మీద పెట్టి, థాలోను దాంట్లోకి కొంచెం కొంచెంగా లాగాలి. థాలోలోకి ఇంకో రంగు కలపబోతే గిన్నెడు ఆకుపచ్చ తయారవుతుంది.

అంగళ్లలో దొరికే క్యాన్వాస్ బోర్డుకు సాధారణంగా ప్రైమర్ (రంగు పట్టడానికి వేసే అడుగు పూత) పూసే ఉంటుంది. మందపాటి కాగితం మీద వేస్తే 300 జీఎస్‌ఎం తీసుకుని, జెస్సో (తెల్లని ప్రైమర్) రెండు పూతలు వేయండి. మొదటి పూత ఆరాక సన్నని ఎమెరీ పేపర్‌తో తేలిగ్గా రుద్ది రెండోది వేయాలి.

ఇక మన ఊరి ఎండ సంగతి. అక్రిలిక్‌లో నీళ్లు ఆవిరైతే రంగు గట్టిపడిపోతుంది, మళ్లీ కరగదు. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో 40 డిగ్రీలు దాటిన రోజున, ఫ్యాన్ కింద పెట్టిన రంగు మీరు కలిపేలోపే తోలు కడుతుంది. స్టీలు టిఫిన్ డబ్బా మూతలో తడి టిష్యూ పేపర్లు పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి, రంగులు ఆ పేపర్ మీద పెట్టండి. కింది తడి పైకి అందుతూ ఉంటుంది. ఫ్యాన్ గాలి మీకు తగలాలి, పాలెట్‌కు కాదు. వేసవిలో పొద్దున పదిలోపు పని పెట్టుకుంటే సగం చిరాకు తప్పుతుంది.

ఆయిల్ రంగులతో వేసేవాళ్లకు ఒక మాట: లిన్‌సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేయకండి. అవి ఆరేటప్పుడు వేడెక్కి వాటంతటవే అంటుకునే ప్రమాదముంది. విడదీసి బయట ఆరేయండి, లేదా నీళ్లలో తడిపి మూత ఉన్న రేకు డబ్బాలో వేయండి.

2. ట్యూబు మూత తీయకముందు ఒక వాక్యం రాయండి

"బాధ వేస్తాను", "సంతోషం వేస్తాను" అని మొదలుపెడితే బొమ్మ ఎటూ పోదు. బాధ అనేది చాలా పెద్ద మాట, దానికి చేతులూ కాళ్లూ ఉండవు. ఒక మనిషి, ఆ మనిషి చేసే ఒక పని, అందులో మిమ్మల్ని పట్టుకున్న ఒక వైరుధ్యం కావాలి.

ఉదాహరణకు ఒక పూలంగడి అక్కను తీసుకుందాం. గోవిందరాజస్వామి గుడి దగ్గర ఇలాంటి అక్కలు ఎందరో ఉంటారు, మీకూ ఒకరు తెలిసే ఉంటారు. బేరం ఆడితే ఈమె ముఖంలో ఏమీ కదలదు. "అంతే సామీ, రాదు" అంటుంది, కళ్లు పైకి కూడా ఎత్తదు. కానీ పూలదండను మోచేతి నుంచి వేళ్ల దాకా లాగి మూర కొలిచేటప్పుడు చూడండి. ఆఖరి మూర దగ్గర మోచెయ్యి కాస్త వెనక్కి జరుగుతుంది. దండ రెండు వేళ్లు ఎక్కువ వస్తుంది. దారం అక్కడ తెంపుతుంది.

ఇప్పుడు వాక్యం రాసుకుందాం: "మాటలో రూపాయి తగ్గదు, కొలతలో రెండు వేళ్లు ఎక్కువిస్తుంది."

ఇందులో బొమ్మ మొత్తం ఉంది. ముఖం చల్లగా, బిగుతుగా ఉండాలి. చెయ్యి వెచ్చగా, పెద్దగా ఉండాలి. ఏ రంగు ఎక్కడ అనే ప్రశ్నకు సగం జవాబు వాక్యమే ఇచ్చేసింది.

మీ వాక్యాన్ని ఇలా పరీక్షించుకోండి:

- ఇందులో క్రియ ఉందా? "మంచిది", "గంభీరమైనది" లాంటి విశేషణాలు ఒక్కటే ఉంటే మళ్లీ రాయండి.
- ఇది ఈ మనిషికే సరిపోతుందా, లేక ఏ అక్కకైనా అతుకుతుందా?
- దీన్ని చదివితే శరీరంలో ఒక భాగం మీద చూపు పడుతోందా?

మిమ్మల్నే మీరు వేసుకుంటున్నా పద్ధతి ఇదే. అద్దం ముందు కూర్చునే ముందు, మీ ఇంట్లోవాళ్లు మీ గురించి తరచూ ఏమంటారో రాసుకోండి. "అన్నీ వింటాడు, ఒక్కటీ చేయడు" లాంటి మాట దొరికితే మీ పని సులువైనట్టే.

3. స్కెచ్: దేన్ని పెంచాలి, దేన్ని వదిలేయాలి

ఫొటో తీసి, దాన్ని గళ్లుగా విడదీసి ఎక్కించే పద్ధతి ఇక్కడ పనికిరాదు. కెమెరాకు ముక్కు, చెవి, త్రాసు, కరెంటు వైరు అన్నీ సమానమే. మీకు సమానం కాకూడదు.

రద్దీ తగ్గిన మధ్యాహ్నం వేళ వెళ్లి, "అక్కా, మీ బొమ్మ గీసుకోవచ్చా?" అని అడగండి. వద్దంటే వదిలేయండి. సరేనంటే ఒక మూర పూలు కొని పక్కన నిలబడండి.

వరుస ఇది:

1. కాగితం వంక చూడకుండా, మనిషినే చూస్తూ ఒకే గీతతో ఒక స్కెచ్. ముక్కు చెంప మీదికి పోతుంది, ఫరవాలేదు. చెయ్యి దేన్ని ఎక్కువసేపు తడుముతూ తిరిగిందో చూసుకోండి. మీ ఆసక్తి అక్కడుంది.
2. ఒక్కో నిమిషంలో మూడు స్కెచ్‌లు. వివరాలకు టైమ్ ఉండదు, కూర్చున్న భంగిమ ఒక్కటే పడుతుంది.
3. ఇంటికొచ్చి, మళ్లీ చూడకుండా, జ్ఞాపకం నుంచి ఒకటి. మరచిపోయినవన్నీ బొమ్మలో అక్కర్లేనివే.

ఈ జ్ఞాపకం స్కెచ్ చాలామంది ఎగ్గొడతారు. నా లెక్కలో అన్నిటికన్నా విలువైనది అదే.

ఆ తర్వాత అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద గళ్లు నాలుగు గీసి, అందులో కూర్పు ప్రయత్నించండి. పూలక్క బొమ్మలో కొలిచే చెయ్యి ముందుకొచ్చి ముఖమంత పెద్దదవుతుంది. కళ్లు సన్నని చీలికలవుతాయి. పెదవులు ఒకే గీత. త్రాసు, బుట్టలు, వెనక అంగడి బోర్డు, పక్క కొట్టు అన్నీ పోతాయి.

సాగదీసేటప్పుడు ఒక హద్దు పెట్టుకోండి. రెండు చోట్ల పెంచండి, ఒక చోట తగ్గించండి, మిగతాది దాదాపు మామూలుగా ఉంచండి. ముక్కు, కళ్లు, చెవులు, మెడ అన్నీ కలిపి వంచేస్తే అది కార్టూన్ అవుతుంది, చూసేవాళ్లు నవ్వుతారు.

4. రంగుల ప్లాన్: ఒకటి గెలవాలి

ఎక్కువ టైమ్ ఇక్కడ పెట్టండి. బోర్డు మీద గడిపే గంటలకన్నా ఈ గంటే బొమ్మను నిలబెడుతుంది.

ముందు ఒక భ్రమ వదిలించుకోవాలి. ఎరుపంటే కోపం, నీలమంటే విచారం, పసుపంటే ఆనందం అనే పట్టికలు ఫోన్లో బోలెడు తిరుగుతుంటాయి. వాటితో వేసిన బొమ్మలు ట్రాఫిక్ బోర్డుల్లా ఉంటాయి. జర్మన్ చిత్రకారుడు ఫ్రాంజ్ మార్క్ నీలాన్ని పురుషతత్త్వంగా, పసుపును స్త్రీతత్త్వంగా భావించాడు. అది ఆయన లెక్క. మనకు పసుపంటే గడప, పేరంటం, తాళి. ఇంట్లో కామెర్లు వచ్చిన మనిషిని చూసుకున్నవాళ్లకు అదే పసుపు వేరే గుర్తులు తెస్తుంది. కాబట్టి రంగుకు అర్థం ఎక్కడో వెతక్కండి. మీ వాక్యానికి ఏది సరిపోతుందో ముక్కల మీద వేసి చూసుకోండి.

రంగు మనిషి స్వభావాన్ని ఎలా మార్చేస్తుందో చూడాలంటే మన తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరకు మించిన పాఠం లేదు. అక్కడ భక్తులు వేషాలు కడతారు. బైరాగి వేషానికి నామకొమ్ము తెలుపు, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. అదే వీధి కుర్రాడు, అదే ముఖం. ఒళ్లంతా ఒక్క రంగు పూసుకునేసరికి నడక కూడా మారిపోతుంది. ఒక్క రంగుకే మొత్తం అధికారం ఇవ్వడం వల్ల వచ్చిన బలం అది. వచ్చే జాతరకు స్కెచ్ పుస్తకం పట్టుకెళ్లండి.

ప్లాన్‌లో మూడు పాత్రలే ఉండాలి.

*పెద్ద రంగు.* బోర్డులో సగానికి పైగా ఆక్రమించేది. పూలక్క బొమ్మలో ఇది నీలం కలిసిన ఆకుపచ్చ. ముఖం, మెడ, ముఖం చుట్టూ నీడ అన్నీ దీనివే. లొంగని చల్లదనం కోసం.

*ఎదురు రంగు.* వర్ణచక్రంలో (రంగుల్ని గుండ్రంగా వరుసలో పెట్టిన పటం) దానికి ఎదురుగా ఉండేది, తక్కువ చోటులో, పూర్తి గాఢతతో. ఇక్కడ ఎర్ర నారింజ. అదృష్టం కొద్దీ కనకాంబరాల రంగు అదే. కొలిచే చేతి మీద, దండ మీద మాత్రమే వస్తుంది.

*అణిగి ఉండే రంగులు.* మిగతా చోటంతా. మొదటి రెండు రంగుల్ని ఒకదాంట్లో ఒకటి కొంచెం కలిపి, తెలుపుతో సర్దితే వచ్చే బూడిద ఛాయలు. చీర, వెనక గోడ, కూర్చున్న బల్ల వీటిలోనే.

ఎదురు రంగులు పక్కపక్కన ఉంటే ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. కలిపితే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఈ రెండు పనులూ మనకు కావాలి, వేర్వేరు చోట్ల. డచ్ చిత్రకారుడు వాన్ గో 1888లో రాత్రంతా తెరిచి ఉండే ఒక కాఫీ హోటల్ లోపలిభాగం వేస్తూ, మనిషిలోని భయంకరమైన ఆవేశాలను ఎరుపు, ఆకుపచ్చలతో చెప్పాలనుకున్నానని తమ్ముడికి రాశాడు. అక్కడ రెండూ పెద్ద పెద్ద చోట్ల ఎదురెదురుగా నిలబడి ఊపిరాడనివ్వవు. మన బొమ్మకు అంత యుద్ధం అక్కర్లేదు. అందుకే నారింజకు చిన్న చోటు.

మరి ముఖానికి ఆకుపచ్చ ఎప్పుడు వేయాలి? వాక్యం అడిగినప్పుడు. "వెరైటీగా ఉంటుంది" అని వేస్తే జబ్బు చేసినట్టు ఉంటుంది, అంతకుమించి ఏమీ ఉండదు.

ఇప్పుడు వెలుగు నీడల లెక్క. రంగు ఎంత విచిత్రంగా ఉన్నా, ముదురు లేతల తేడా సరిగ్గా ఉంటే ముఖం ముఖంలాగే కనబడుతుంది. నుదుటికి లేత ఆకుపచ్చ, చెంప నీడకు ముదురు నీలం పచ్చ వేస్తే కన్ను ఒప్పుకుంటుంది. ఈ తేడా తప్పితే అచ్చం ఒంటిరంగు వేసినా ముఖం చప్పిడిగా ఉంటుంది.

బోర్డు ముట్టుకునే ముందు:

- మూడు పాత్రల రంగుల్నీ పోస్ట్‌కార్డు సైజు కాగితం మీద, బొమ్మలో ఉండబోయే పాళ్లలోనే వేశాను
- ఫోన్‌తో దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లో తీసి చూశాను. ముదురు, నడిమి, లేత విడివిడిగా కనబడుతున్నాయి
- పూర్తి గాఢత ఉన్న రంగు ఒకే చోట ఉంది
- కళ్లు సగం మూసి చూస్తే చూపు ముందు అక్కడికే పోతోంది

ఈ నాలుగూ కుదరకపోతే మరో పోస్ట్‌కార్డు. కాగితం చవక, బోర్డు కాదు.

5. నేల రంగు

తెల్ల బోర్డు మీద నేరుగా వేయకండి. తెలుపు పక్కన ప్రతి రంగూ అసలు కన్నా ముదురుగా అనిపించి మీ అంచనా తప్పుతుంది.

ఎల్లో ఓకర్‌లో కొంచెం వెర్మిలియన్, నీళ్లు కలిపి పల్చగా బోర్డంతా పూసి, గుడ్డతో తుడిచేయండి. సాయంత్రం ఎండ పడ్డప్పుడు శేషాచలం కొండల బండలు కనబడే రంగు వస్తుంది. పైన వేసే ఆకుపచ్చ సందుల్లోంచి ఈ వెచ్చదనం అక్కడక్కడ తొంగి చూస్తుంటే చల్లని ముఖం కూడా బతికి ఉంటుంది. పూర్తిగా ఆరనివ్వండి.

6. వేసే వరుస

1. గీత. అల్ట్రామెరైన్‌ను నీళ్లతో పల్చన చేసి, రౌండ్ బ్రష్‌తో పెద్ద ఆకారాలు గీయండి. పెన్సిల్ వద్దు. పెన్సిల్ గీత ఉంటే రంగు దాని లోపలే నింపాలనిపిస్తుంది. తప్పితే తడి గుడ్డతో తుడిచి మళ్లీ గీయండి.

2. చీకట్లు. అల్ట్రామెరైన్, అంబర్ మిశ్రమంతో అన్నిటికన్నా ముదురు చోట్లు ముందు పెట్టండి. గడ్డం కింద, కంటి చీలికలు, చెయ్యి వెనక నీడ. 8 నంబర్ బ్రష్ చాలు. ఈ దశలోనే బొమ్మ ఎవరిదో కొంత తెలియాలి. తెలియకపోతే రంగు దాన్ని కాపాడదు, ఆకారాలు సరిదిద్దండి.

3. పెద్ద రంగు. 12 నంబర్ బ్రష్‌తో ఆకుపచ్చ అంతా ఒకే ఊపులో. ముందుగానే మూడు ఛాయలు కలిపి పెట్టుకోండి: ముదురు, నడిమి, లేత. లేత చేయడానికి తెలుపు ఒక్కటే పోయకుండా లెమన్ ఎల్లో కూడా కలపండి. కంటి వివరం, ముక్కు రంధ్రం ఇప్పుడు అక్కర్లేదు.

4. అణిగే రంగులు. వెనక గోడ, చీర. ఇక్కడ బ్రష్ నెమ్మదించాలి. స్ట్రోకులు వెడల్పుగా, ఒకే దిక్కుగా ఉంటే అవి కన్నును ఆపవు. చీర అసలు రంగు ఏమిటన్నది మరచిపోండి.

5. విరామం. బోర్డును గోడకు తలకిందులుగా ఆనించి టీ తాగి రండి. తలకిందులుగా చూస్తే అది అక్కలా కాకుండా రంగుల ముక్కల్లా కనబడుతుంది, బరువు ఎటు పడిపోయిందో తెలుస్తుంది.

6. చెయ్యి. ఇప్పుడు ఎదురు రంగు. బ్రష్ శుభ్రంగా కడిగి, గుడ్డతో పిండి, వీలైతే ఇంకో బ్రష్ తీసుకోండి. ఆకుపచ్చ మురికి చుక్క కలిసినా నారింజ చచ్చిపోతుంది. వెర్మిలియన్‌లో లెమన్ ఎల్లో కలిపి, నీళ్లు తగలనివ్వకుండా, పాలెట్ నైఫ్‌తో మందంగా పెట్టండి. కనకాంబరాలు ఒక్కొక్కటి వేయొద్దు. నైఫ్ అంచుతో పొట్టి పొట్టి దెబ్బలు, వేలి వైపు పోయే కొద్దీ దగ్గరగా. దండ చివర, వేళ్లు దాటిన ఆ రెండు వేళ్ల పొడవు మీద మాత్రం దెబ్బలు విడివిడిగా, అన్నిటికన్నా మందంగా ఉండాలి. ఎక్కువిచ్చిన కొలత అదే, కన్ను అక్కడ ఆగాలి.

7. ముఖంలోకి ఒక చిటికె. దండలోని నారింజను బాగా తగ్గించి, కింది పెదవి మీద ఒకే ఒక్క గీత. ముఖానికీ చేతికీ చుట్టరికం కలిపేది ఇదే. రెండో గీత వేయాలనిపిస్తే బ్రష్ కింద పెట్టేయండి.

8. రెండో రోజు. ఆరిన బొమ్మను పొద్దున వెలుగులో చూడండి. అక్రిలిక్ ఆరాక కాస్త ముదురుతుంది కాబట్టి లేత చోట్లు దిగిపోయి ఉంటాయి. నుదుటి మీద, మణికట్టు మీద వెలుగు మళ్లీ పైకి తీయండి. అంచుల్లో కొన్ని కలిపేయండి, కొన్ని పదును పెట్టండి. ముఖం అంచు గోడలోకి కరిగిపోవచ్చు. చేతి అంచు కరగకూడదు.

7. మీ చేతి వాటం

ఇంతదాకా బొమ్మలో ఉన్న మనిషి వ్యక్తిత్వం గురించి మాట్లాడాం. వేసే మనిషిది కూడా అందులో పడాలి, అది స్ట్రోకుల్లోనే పడుతుంది.

పాత పేపర్ మీద 12 నంబర్ బ్రష్‌తో గీతలు వేసి చూసుకోండి: వేగంగా, నొక్కి, నెమ్మదిగా, వెనక్కి తిప్పి. వీటిలో ఒకటి మీకు కష్టం లేకుండా వస్తుంది. నెమ్మదస్తులు వేగాన్ని నటిస్తే బొమ్మలో దొరికిపోతారు. ఎక్స్‌ప్రెషనిస్ట్ అంటే బ్రష్‌తో బోర్డును చితకబాదాలన్న రూలేమీ లేదు. పొట్టి, ఓపికైన స్ట్రోకులతో కూడా గుండె గుబేలుమనే బొమ్మ వేయొచ్చు.

గీత విషయంలో మాత్రం ఒక సలహా. కలంకారీ కలంతో గీసిన నల్లగీత నిండుగా, నిలకడగా సాగుతుంది, అక్కడ అది అందం. మన బొమ్మలో గీత అంతా ఒకే మందంలో ఉంటే ఆకారాలకు కంచె వేసినట్టవుతుంది. బరువున్న చోట మందంగా, వెలుగున్న చోట సన్నగా, కొన్ని చోట్ల తెగిపోనివ్వండి. తడి రంగు మీద బ్రష్ వెనక కొనతో గీరితే కింద నేల రంగు బయటపడి మంచి గీత వస్తుంది. జుట్టుకు ఇది బాగుంటుంది.

8. తప్పులు, మరమ్మతులు

రంగులు బురదైపోయాయి. అందరికీ జరిగేది ఇదే, అందుకని దీన్ని వివరంగా చెబుతాను. కారణాలు మూడు. ఎదురు రంగులు తడిమీద కలిసిపోవడం, కడగని బ్రష్, ఒకే చోట పదే పదే రుద్దడం. ఇంకా తడిగా ఉంటే పాలెట్ నైఫ్‌తో ఆ చోటు గీకి తీసేసి, తడి గుడ్డతో తుడవండి. సగం ఆరితే ముట్టుకోవద్దు. బంకలా సాగుతూ కింది పొరను కూడా లేపుతుంది. పూర్తిగా ఆరనిచ్చి, ఆ చోటుకు తెలుపు కలిపిన లేత పూత వేసి, అది కూడా ఆరాక శుభ్రమైన రంగు పెట్టండి. బురద మీద నేరుగా ప్రకాశమైన రంగు వేస్తే కింది మకిలి కనబడుతూనే ఉంటుంది. పసుపు, నారింజలకైతే మరీ, అవి కింది రంగును దాచలేవు. ఇకముందు రాకుండా ఉండాలంటే ఒక్కో మిశ్రమంలో మూడు ట్యూబులకు మించి వాడకండి, స్ట్రోకు పెట్టాక దాన్ని వదిలేయండి.

అన్నీ అరుస్తున్నాయి. కొత్త రంగు ఏదీ కలపొద్దు. అక్కర్లేని చోట్ల గాఢతను చంపండి. ఎదురు రంగును బాగా పల్చగా నీళ్లలో కలిపి, ఆరిన పొర మీద పలుచని పూత వేసి గుడ్డతో అద్దండి. వెనక గోడ ఒక్కటి తగ్గితే చాలాసార్లు బొమ్మ సర్దుకుంటుంది.

సున్నం కొట్టినట్టుంది. తెలుపు ఎక్కువైంది. ఆరాక అసలు రంగుతో పల్చని పూత వేయండి.

కళ్లు మరీ అందంగా వచ్చాయి. నవ్వకండి, ఇది నిజంగా పెద్ద సమస్య. ముఖమంతా ధైర్యంగా వేసి, కళ్ల దగ్గరికి రాగానే సన్న బ్రష్ తీసి రెప్పలు, మెరుపు చుక్క పెట్టేస్తారు. బొమ్మలో రెండు భాషలు వినిపిస్తాయి. ఆ కళ్లను 8 నంబర్ బ్రష్‌తో రెండేసి స్ట్రోకుల్లో మళ్లీ వేయండి. గుండె రాయి చేసుకోవాలి.

పోలిక రాలేదు. కళ్లూ ముక్కూ సరిదిద్దుతూ కూర్చోకండి. తల వాలు, భుజాల ఎత్తు, మెడ పొడవు చూడండి. మనకు తెలిసిన మనిషిని వీధి చివర్నుంచి గుర్తుపట్టేది వాటితోనే.

భావం నాటకంలా ఉంది. బొమ్మలో నోరు తెరిచి అరుస్తోందా, కన్నీళ్లు కారుతున్నాయా? వాటిని తీసేసి చూడండి. రంగు ఆ పని చేయగలిగితే కన్నీళ్లు అక్కర్లేదు. చేయలేకపోతే లోపం నాలుగో భాగంలో, రంగుల ప్లాన్‌లో ఉంది, అక్కడికి వెళ్లి మళ్లీ పోస్ట్‌కార్డు వేయండి.

మొత్తం పాడైంది. జెస్సో రెండు పూతలు వేసి కప్పేయండి. మందంగా ఉన్న చోట్లు ముందు ఎమెరీ పేపర్‌తో అరగదీయాలి, ఆ పొడి పీల్చకుండా మాస్క్ కట్టుకుని తడిగా రుద్దండి.

9. ఎప్పుడు ఆపాలి

అందరూ కాస్త ముందుగా ఆపితే బాగుండేది. బ్రష్ ఎత్తి "ఇంకెక్కడ వేద్దాం" అని చోటు వెతుకుతున్నారంటే పని అయిపోయినట్టే. ఏదైనా చేయాలంటే ముందు "ఇది ఇందుకోసం" అని పైకి చెప్పి, తర్వాత వేయండి. చెప్పడానికి మాట రాకపోతే వేయకండి.

ఇంట్లోవాళ్లను "బాగుందా?" అని అడగొద్దు, బాగుందనే అంటారు. "ఈమె ఎలాంటి మనిషి అనుకుంటున్నావు?" అని అడగండి. "గట్టి మనిషిలా ఉంది, కానీ మంచిదేలే" లాంటి జవాబు వస్తే పాస్. "ముఖమేంటి పచ్చగా ఉంది?" అన్నది ముందు వస్తే చెయ్యి ఇంకా గెలవలేదని అర్థం, నారింజ చుట్టూ ఉన్నవాటిని మరికొంచెం తగ్గించండి.

10. ఆరాక

- బ్రష్‌లు వెంటనే సబ్బుతో కడిగి, పడుకోబెట్టి ఆరబెట్టండి. నీళ్ల డబ్బాలో నిలబెట్టి వదిలేస్తే వెంట్రుకలు వంకరపోతాయి.
- రంగు నీళ్లు సింకులో పోయకండి. డబ్బా కదపకుండా ఉంచితే రంగు అడుక్కి దిగుతుంది. పైనీళ్లు పారబోసి, అడుగున మిగిలినదాన్ని పేపర్‌లో ఆరబెట్టి చెత్తలో వేయండి.
- వార్నిష్‌కు తొందరపడొద్దు. నైఫ్‌తో మందంగా పెట్టిన చోటు పైన ఆరినట్టున్నా లోపల మెత్తగా ఉంటుంది. కొన్ని వారాలు ఆగండి. ఆయిల్ బొమ్మకైతే ఆరు నెలల దాకా ఆగడం వాడుక.
- మాట్ వార్నిష్ వేస్తే ట్యూబ్‌లైట్ కింద మెరవదు. మెరిసే గ్లాసీ వార్నిష్ ముదురు రంగుల్ని ఇంకా లోతుగా చూపిస్తుంది. ఇలాంటి బొమ్మలకు నేను రెండోదే వాడతాను.
- బోర్డుకు అద్దం అక్కర్లేదు, ఫ్రేమ్ చాలు. కాగితం మీద వేసినదానికి అద్దం వేయించండి, అద్దానికీ బొమ్మకూ మధ్య మౌంట్ (ఎడం ఉంచే అట్ట చట్రం) పెట్టమని ఫ్రేమ్ కట్టేవాళ్లకు గట్టిగా చెప్పండి. మౌంట్ లేకపోతే మందపాటి రంగు అద్దానికి అతుక్కుంటుంది.
- అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో గోడలు చెమ్మగిల్లుతాయి. ఆ నెలల్లో బయటి గోడకు తగిలించిన బొమ్మ వెనక బూజు పట్టకుండా, ఫ్రేమ్ కింది మూలల్లో రెండు రబ్బరు బిళ్లలు అంటించి గాలి ఆడే సందు ఉంచండి.